చెరువు గట్టున రేవతి కార్తె: యాసంగి కోతల వేళ ఒక వారపు వాతావరణము

(రైతుల కొఱకు ఉపన్యాసము)



యాసంగి వరి పండించువానికి సంవత్సరమంతటిలో మిక్కిలి భయము గొలుపు కాలమేది యని యడిగినచో, రోహిణి కార్తెలోని మండుటెండలని పలువురు చెప్పుదురు. రోహిణి యెండ మనుష్యునకును పశువునకును ప్రమాదకరమే; కాని అప్పటికి పంట పొలమున నుండదు. పంట యింటికి వచ్చునా, నేలపాలగునా యనునది తేలునది వేసవి మొదట, రేవతి కార్తెలో. మార్చి 31వ తేదీ మొదలు ఏప్రిలు 13వ తేదీ వఱకు ఇంచుమించుగా ఈ కార్తె యుండును. నిజాము రాజ్యపు ఫసలీ లెక్కలో అర్దిబెహిష్తు నెల ముగిసి ఖుర్దాదు ప్రవేశించు సమయ మిదియే. తాబి పంట కోతకు వచ్చుటయు, ఆకాశము చిత్తచాంచల్యము చూపుటయు ఒక్కసారియే జరుగును.

పెద్దపల్లి జిల్లాలో ఈ వారమును చెరువు గట్టుననో జలాశయపు టొడ్డుననో నిలిచి చూచుట మేలు. రామగుండము దాపున గోదావరిపై కట్టిన శ్రీపాద యెల్లంపల్లి జలాశయము అట్టి చోటు. దానికి 62 తలుపులు, సముద్రమట్టమునకు 148 మీటర్ల యెత్తు వఱకు నీరు నిలుచును, నిండినప్పుడు 20.175 టీ.ఎం.సీ. పట్టును. ఆవలి యొడ్డు మంచిర్యాల జిల్లా. ఈవలి యొడ్డున వరి మళ్ళు, మామిడి తోటలు, వాని వెనుక బొగ్గు గనుల మట్టి దిబ్బలు, విద్యుత్కేంద్రపు పొగగొట్టములు కనబడును. ఇంత పెద్ద నీరు లేని గ్రామములందు కట్టయు, తూమును, మత్తడియు గల ఊరి చెరువు ఉండనే యున్నది. ఇక్కడ చెప్పబోవునది ఆ రెంటికిని చెల్లును. కొలతలలో మాత్రమే భేదము.

వారపు మొదటి రెండు దినములందు చెప్పదగిన విశేషము లేదు. ఉదయమున ఆకాశము తేటగా నుండును. తెల్లవారుజామున నీటిపై పలుచని పొగ కనబడును. పగటి వేడి 38, 39 డిగ్రీలకు చేరును. మధ్యాహ్నము వాయవ్యము నుండి పొడిగాలి వీచును. విదర్భ పీఠభూమిపై కాగిన గాలి యిది. ఆరవేసిన వస్త్రము గడియలో నారును. రైతు మనస్సు నిశ్చింతగా నుండును. కోత యంత్రము వచ్చువఱకు నాలుగు దినములు వేచియున్న నేమి యని యనుకొనును.

ఈ నిశ్చింతలోనే చెరువు తగ్గుచుండును. రైతులు తూము నుండి పోవు నీటిని లెక్కించెదరు గాని ఆకాశమునకు పోవు నీటిని లెక్కించరు. ఈ యెండలలో చెరువు పైభాగము నుండి దినమునకు 7 మిల్లీమీటర్ల నీరు ఆవిరియగు ననుకొందము. నూఱెకరముల నీటి పరపు గల చెరువునకు అది వారమునకు సుమారు 2 కోట్ల లీటర్లగును. వరి మడికి ఈ కాలమున, భూమిలోనికి ఇంకునది కలుపుకొని, దినమునకు 10 మిల్లీమీటర్లు కావలయునని తీసికొన్నచో, సూర్యుడు ఆ చెరువు నుండి 70 ఎకరముల వరికి సరిపడు నీరు త్రాగుచున్నాడన్న మాట. ఈ నష్టమును ఆపు నుపాయము లేదు. లోతు తక్కువయై పరపు హెచ్చైన చెరువున నష్టము మఱింత హెచ్చు. పూడిక తీసి లోతు చేసిన చెరువున అదే నీటికి నష్టము తక్కువ. 2015 మార్చిలో ఆరంభమైన మిషన్ కాకతీయ పనులలో తీసిన ఒండ్రును చేలకు తోలుకొన్న రైతులు ఎరువు లాభమునే తలచిరి. ఆవిరి లెక్కలోను లాభము కలదని గ్రహించినవారు కొద్ది. కావున వారబందీ ఏర్పరచునప్పుడు నీరటి వాని మాటతో పాటు ఈ లెక్కయు చేర్చవలెను. ఇరువది దినములకు నీరున్నదని తోచినచో పదునేను దినములకే యున్నదని తలచుట క్షేమము.

మూడవ దినమున మార్పు వచ్చును. అది మొదట కంటికి గాక ఒంటికి తెలియును. ఉదయమున చెమట ఆరదు. గాలి దిక్కు మారి ఆగ్నేయము నుండి వచ్చును. ఇది బంగాళాఖాతపు తేమ గల గాలి. వేసవి మొదట విదర్భ నుండి తెలంగాణము మీదుగా దక్షిణమునకు ఒక అల్పపీడన ద్రోణి తఱచుగా ఏర్పడును. దానికి పడమర ప్రక్క పొడిగాలి, తూర్పు ప్రక్క తేమగాలి. ఈ రెండును కలిసికొను గీత ఏ దినమున ఏ ఊరిపై నుండునో ఆ దినమున ఆ ఊరికి ముప్పు. ఆ గీత ఇటునటు జరుగుచుండుట చేతనే ఒక గ్రామమున పంట నాశనమై, రెండు కోసుల దూరమున నున్న గ్రామమున ఆకైనను కదలకపోవుట జరుగును.

జలాశయపు టొడ్డున నుండువారికి ఇంకొక చిన్న గాలి పరిచితమే. పగలు నేల త్వరగా కాగును, నీరు మెల్లగా కాగును. కావున ఎండ ముదిరిన వేళ నీటిపై నుండి ఒడ్డునకు చల్లని గాలి వచ్చును. రాత్రి నేల త్వరగా చల్లారును, నీరు వెచ్చగా నుండును. గాలి ఒడ్డు నుండి నీటిపైకి పోవును. ఈ గాలి ఎక్కువ దూరము పోదు. మేఘమును పుట్టించునంత బలమును దీనికి లేదు. పెద్ద నీరున్న చోట రాళ్ళవాన పడదని కొన్ని గ్రామములలో నమ్మిక కలదు. ఆ నమ్మిక ఆధారముగా పంటను పొలమున ఉంచుకొనుట తగదు. రాళ్ళు పుట్టునది ఎన్నో వేల అడుగుల యెత్తున. అచ్చటికి క్రింది చెరువు చల్లదనము చేరదు.

నాలుగవ దినము సంగతి విపులముగా చెప్పవలసియున్నది. ఉదయము గాలి స్తంభించును. పక్షులు నీటి యొడ్డున చెట్ల నీడను విడువవు. మధ్యాహ్నము ఒంటిగంటకు వాయవ్య దిక్కున తెల్లని దూదికుప్పల వంటి మొగులు లేచును. అవి అడ్డముగా గాక నిలువుగా పెరుగుచున్నచో జాగ్రత్త పడవలెను. రెండు గంటలలో ఆ కుప్ప గోపురమై, దాని శిఖరము దాగలి వలె ప్రక్కలకు పఱచుకొనును. అట్టి మేఘపు టెత్తు 12 కిలోమీటర్లకు మించవచ్చును. దానిలో పైకి పోవు గాలి నీటి చుక్కలను మోసికొని పోవును; గడ్డకట్టు మట్టమును దాటిన పిదప అవి మంచుగింజలగును. ఆ గింజలకు చల్లని నీటి చుక్కలు తగిలి పొరలు పొరలుగా పేరుకొని, గాలి మోయలేనంత బరువైనప్పుడు క్రిందికి పడును. రాయిని పగులగొట్టి చూచినచో ఉల్లిగడ్డ వలె పొరలు కనబడుట ఇందువలననే.

వాన కంటె ముందు గాలి వచ్చును. మేఘము నుండి దిగిన చల్లని గాలి నేలను తాకి నలుదెసలకు పరుగెత్తును. జలాశయముపై నీరు ఒక్కసారిగా నల్లబడి, ఆ నలుపు గీత ఒడ్డునకు తరలివచ్చుట చూడవచ్చును. గనుల దిబ్బల మీది దుమ్మును, బూడిద చెరువుల మీది బూడిదయు ఈ గాలికే లేచి సమీప గ్రామములపై క్రమ్మును. ఆ గీత కనబడిన పిమ్మట రైతునకు మిగులు సమయము కొద్ది నిమిషములే. అప్పుడు కల్లము కప్పుటకు పరుగెత్తువారు కొందఱు, పట్టాలు వెదకుటకు ఇంటికి పోవువారు కొందఱు. కప్పవలసిన పట్టా కల్లములోనే, కుప్ప ప్రక్కనే, రాళ్ళు కట్టి సిద్ధముగా నుండవలెను.

ఈ ముప్పు కల్పన కాదు. 2023వ సంవత్సరము మార్చి నెల మూడవ వారమున తెలంగాణమున ఈదురుగాలులతో రాళ్ళవానలు కురిసినవి. ఆ ఒక్క వారమున 2,28,000 ఎకరములకు పైగా పంట చెడినట్లు ప్రభుత్వపు లెక్క తేలినది. అందులో మొక్కజొన్న 1,29,000 ఎకరములకు మించినది. వరి 72,000 ఎకరములకు మించినది. మామిడి 8,000 ఎకరములకు పైమాట. ఆ నెల 23వ తేదీన ముఖ్యమంత్రి ఖమ్మము, వరంగల్లు, కరీంనగరము వైపుల చేలను చూచి ఎకరమునకు 10,000 రూపాయల సాయము ప్రకటించిరి. పెట్టుబడి పెట్టిన కౌలుదారునకు కూడ ఈ సాయము చేరవలెనని అప్పుడు చెప్పబడినది. పట్టాదారులు ఈ మాట గమనింపవలెను: పొలము తమదైనను, నేల రాలిన గింజ కౌలుదారుని అప్పుతో పండినది. అదే యేడు ఏప్రిలు చివరి వారమున మరల రాళ్ళవానలు వచ్చి, మార్చిలో తప్పించుకొన్న వరిని ఉమ్మడి కరీంనగరము జిల్లాలో అనేక చోట్ల కోతకు ముందే దులిపివేసినవి. కల్లములలోని ధాన్యము నీటి పాలైనది.

ఆ యేటి తరువాత యాసంగి కోతలు మార్చి నెలాఖరుకు ముగియునట్లు నాట్లు ముందుకు జరుపుకొనవలెనని ప్రభుత్వమువారును వ్యవసాయ శాస్త్రజ్ఞులును చెప్పుచు వచ్చిరి. మాట మంచిదే. ఆచరణలో చిక్కులు లేకపోలేదు. ఆబి వరి కోతలు నవంబరు దాటి డిసెంబరునకు పోయిన చోట మడి ఖాళీ కాదు. కాలువ నీరు విడుచు తేదీ రైతు చేతిలో లేదు. డిసెంబరు చలిలో నారు ఎదుగదు. కాని ఆబిలో తక్కువ దినముల వంగడము వేయుట రైతు చేతిలోనే యున్నది. నారుమడిని ఒక మూల ముందుగానే సిద్ధపఱచుకొని, నవంబరులోనే పోసి, రాత్రులందు ప్లాస్టిక్ పట్టా కప్పి, ఉదయమున తీయుటయు కష్టము కాదు. ఆ పది పదునేను దినముల తొందరయే మార్చి చివర పంటను కాపాడును.

ఈ సంవత్సరమునకు నాట్లు జరిగిపోయినవి గనుక, రేవతిలో పొలమున నున్న పంటతో చేయవలసిన దానిని చూతము.

ఆలస్యముగా నాటిన వరి కొన్ని చోట్ల ఈ వారమున పూతలో నుండును. వరి పూత విచ్చునది ఉదయము తొమ్మిది మొదలు మధ్యాహ్నము వఱకు. ఆ వేళ 35 డిగ్రీలకు మించిన వేడి గంటసేపు తగిలినను పుప్పొడి చెడి తాలు హెచ్చగును. ఇట్టి మడికి నీరు తక్కువ చేయరాదు. రెండంగుళముల నీరు నిలిచియుండిన మడిలో ఆకులు నీటిని వదలుచు కంకి చుట్టును చల్లబఱచును. చెరువు నీరు చాలనప్పుడు, పాలు పోసికొన్న మడికంటె పూతలోని మడికే మొదటి వంతు ఇయ్యవలెను. ఈ వంతు విషయమున అన్నదమ్ముల నడుమను తగవులు వచ్చుట కలదు. పూత తేదీ వ్రాసియుంచుకొన్నచో తగవు సగము తీరును.

పూత విచ్చి 25 దినములు దాటిన మడి మాట వేఱు. దానిలో నీరు తీసివేయవలెను. రేగడి నేలలో కోతకు పది దినముల ముందు, చల్క నేలలో వారము ముందు తీసిన చాలును. తడి నేలలో బరువైన కంకి గల పైరును గాలి తేలికగా పడవేయును. పడిన పైరు మీద వాన పడినచో గింజ నిలిచినచోటనే మొలకెత్తును. యూరియా ఎక్కువ చల్లిన మడి ముందుగా పడును. అది పక్కవాని మడితో పోల్చి చూచినవారి కందఱకును తెలిసినదే.

ఎప్పుడు కోయవలెనను ప్రశ్నకు ఉత్తరము కంకిలోనే యున్నది. నూఱు గింజలలో 80 మొదలు 85 వఱకు బంగారు వన్నెకు వచ్చినచో కోయవచ్చును. అడుగు గింజలు ఇంకను పచ్చగా నున్నవని ఆగువారు, ఆ పచ్చ గింజల కొఱకు పై గింజలను గాలికి పణముగా పెట్టుచున్నారు. యంత్రముతో కోయువారు మొగులు నిలువుగా పెరుగు దినముననైనను ఉదయమున కోసి, మధ్యాహ్నములోగా కప్పి ఉంచుకొనవచ్చును. చేతికోత కోయువారు మాత్రము ఆ దినమున పనలు పఱువరాదు. నిలిచిన పైరుపై వట్టి వాన పడినను ఎండకు ఆరును; పఱచిన పనలపై పడినచో క్రింది ప్రక్క కంకి నేలకంటి మొలచును. సాయంకాలములోగా కట్టి మోయగలిగినంతయే కోయవలెను. తడిసిన పనలపైన లీటరు నీటికి 50 గ్రాముల కల్లుప్పు కరిగించి, అనగా నూటికి అయిదు పాళ్ళ ద్రావణము, చల్లినచో మొలక కొంత ఆగును. అట్టి గడ్డిని కడుగకుండ పశువులకు వేయరాదు.

కోసిన పిదపనే అనేకులు మరచు నష్టమొకటి కలదు. యాసంగి ధాన్యము మరలో నూక యగుచున్నదని మిల్లులవారును, ధర తగ్గించుచున్నారని రైతులును వాదులాడుట ప్రతి యేటి మాట. 2021, 2022 సంవత్సరములలో ఉప్పుడు బియ్యము కొనుగోలుపై కేంద్ర రాష్ట్ర ప్రభుత్వముల నడుమ పెద్ద వివాదము పుట్టుటకు మూలమిదియే. యాసంగి వడ్లను ఉడుకబెట్టక పచ్చిగా మర పట్టినచో నూక హెచ్చును. దీనికి కారణము ఎండ ఒక్కటియే కాదు. గింజ బాగుగా ఎండిన తరువాత మరల తేమ తగిలినచో పైపొర ఉబ్బును, లోపలి భాగము ఉబ్బదు. అప్పుడు గింజ అడ్డముగా బీటవారును. బీట కంటికి కనబడదు. మరలో మాత్రమే తెలియును. చెరువు గట్టు కల్లములలో ఇది మఱింత హెచ్చు. పగలు సిమెంటు నేలపై పలుచగా పఱచి, కాలు పెట్టలేని వేడిలో కాల్చి, రాత్రి నీటి మీది తేమగాలికి వదలివేయుట యనగా గింజను పగులగొట్టుటయే.

ధాన్యమును మూడంగుళముల మందమున పఱచి, గంటకొకసారి తిరుగవేయుచుండవలెను. పొద్దు నడినెత్తిన నున్నప్పుడు రెండు గంటలు కుప్పచేసి కప్పుట మేలు; గింజ లోని తేమ పైకి వచ్చి సమమగును. పొద్దు వాలకమునుపే కుప్పచేసి, వెచ్చదనము తగ్గిన పిదప కప్పవలెను. కొనుగోలు కేంద్రమున 17 పాళ్ళ తేమ వఱకు తీసికొందురు. ఇంట నిలువకు 14 పాళ్ళకు తేవలెను. తేమ కొలుచు యంత్రము లేనిచో పంట గింజను కొఱికి చూచు పాత పద్ధతి కొంతవఱకు పనికి వచ్చును: మెత్తగా నొక్కుకొనిన గింజ ఇంకను ఆరలేదు, కటుక్కున విఱిగినది ఆరినది. కల్లమునకు ఎత్తైన చోటు ఎన్నుకొని చుట్టును మూరెడు కాలువ త్రవ్వుట మరువరాదు. నీరు తగ్గి బయటపడిన శిఖము నేల చదునుగా నున్నదని అందు కల్లము చేయువారు, వాన వచ్చిన రాత్రి చెరువు తన చోటును తిరిగి తీసికొనునని తెలిసికొనవలెను.

పిడుగు సంగతి క్లుప్తముగా. మెఱుపు కనబడిన పిదప ఉఱుము వినబడువఱకు లెక్కించినచో మూడు క్షణములకు ఒక కిలోమీటరు దూరము. ముప్పది లెక్కించు లోపల ఉఱుము వినబడినచో పిడుగు పది కిలోమీటర్లలోపల నున్నది. పని విడిచి పక్కా యింటిలోనికి పోవలెను. చివరి ఉఱుము తరువాత అరగంట వఱకు బయటికి రారాదు. చెరువు గట్టు చుట్టుపట్ల నెత్తైన చోటు. గట్టుపై నిలుచుట, ఒంటి చెట్టు క్రింద పశువులను కట్టుట, తీగ కంచెను పట్టుకొనుట ప్రాణాపాయకరములు. నీటిలోని మత్స్యకారులు మొదటి ఉఱుమునకే ఒడ్డు చేరవలెను. బోరు మోటారు వేయుటకు పోవువారు ఆ గంట ఆగిన పంట యెండిపోదు.

అయిదవ దినము చల్లగా తెల్లవారును. వేడి నాలుగైదు డిగ్రీలు తగ్గును. రాళ్ళు పడిన గ్రామమున ఈ చల్లదనము ఎవరికిని ఇంపుగా నుండదు. ఆ ఉదయమున చేయవలసిన మొదటి పని, మడిలో నిలిచిన నీటిని గండి కొట్టి తీయుట. రెండవది, చెడిన పంటను కదల్పకమునుపు ఛాయాచిత్రములు తీసి వ్యవసాయ విస్తరణాధికారికి తెలుపుట. నూటికి 33 పాళ్ళు, అంతకు మించి నష్టమున్న చేలనే సాయమునకు లెక్కించుట నియమము గనుక, తొందరపడి దున్నివేసిన పొలమునకు సాక్ష్యము మిగులదు. కౌలుకిచ్చిన పొలమైనచో పట్టాదారు తానే కౌలుదారుని వెంటబెట్టుకొని పోయి, సాగు ఎవరిదో చెప్పి వ్రాయించుట న్యాయము. మామిడి తోటలో రాలిన కాయలను ఆ దినముననే ఏరి ఊరగాయకు అమ్మవలెను; చెట్టుపై దెబ్బతిన్న కాయలు నల్లమచ్చ పట్టి కుళ్ళును, వానిని కోసివేయుట మిగిలిన కాయలకు మేలు.

ఆఱవ దినమున మరల ఆగ్నేయపు గాలి వీచినచో ఇంకొక వాన రావచ్చును. వాయవ్యపు పొడిగాలి తిరిగి వచ్చినచో వారము ముగిసినట్లే. భారత వాతావరణ శాఖవారి వ్యవసాయ సలహా పత్రము ప్రతి మంగళవారమును శుక్రవారమును వెలువడును. రామగుండమున వాతావరణ పరిశీలన కేంద్రము ఉండుట చేత ఈ ప్రాంతపు లెక్కలు దూరపు ఊరి నుండి తెచ్చినవి కావు. పత్రమున ‘అక్కడక్కడ’ యని యున్నచో తమ ఊరికి రాదని తలచుట పొరపాటు. మేఘము పడు చోటును ఊరి పేరుతో ముందుగా చెప్పుట సాధ్యము కానందున ఆ మాట వాడుదురు. మంగళవారపు పత్రము చూచి యంత్రమును పిలుచుకొన్నవాడు గురువారపు గాలికి ముందుగా కోయగలడు. యంత్రమునకు ఊరంతయు ఒక్క దినముననే ఎగబడకుండ, పూత తేదీల ప్రకారము వరుస వ్రాసికొని నలుగురు రైతులు కలిసి మాటాడుకొన్నచో కిరాయియు తగ్గును.

ఏడవ దినమున తూము వద్ద గల కొలబద్దపై నీటి మట్టమును చూచి, మొదటి దినపు మట్టముతో సరిపోల్చి పుస్తకమున వ్రాసికొనవలెను. వాన కురిసినను మట్టము తగ్గియే యుండుట తఱచుగా కనబడును. అశ్విని కార్తె ప్రవేశించులోగా మిగిలిన మళ్ళు ఎన్ని, వానిలో పూత ఏ దినమున విచ్చినది, తూము ఎన్ని దినములు తెఱవవలెను అను లెక్కను నీరటి వానితో కూర్చుండి ఆ సాయంకాలమే తేల్చుకొనవలెను.